అరసున్నా లేని ఊ

మార్చి 3

అక్కా,

ముందే చెప్తున్నా, మిషను ఆపి చదువు. తొక్కుతూ చదివి సూది వేలికి గుచ్చుకుంటే మళ్ళీ నన్నే తిడతావు.

నేను వచ్చేస్తున్నా. చూసిపోడానికి కాదు, మొత్తానికే. జూన్ ఇరవైకి టికెట్ తీసుకున్నా. ఇక్కడికొచ్చి ఎనిమిదేళ్ళైంది, ఇక చాల్లే అనిపించింది. నా సంగతి నీకు తెలిసిందేగా, కాలు ఒకచోట నిలవదు. ఇన్నాళ్ళు నిలవడమే ఎక్కువ. అంతకుమించి కారణం ఏం లేదు, గుచ్చి గుచ్చి అడక్కు.

ఈ మాట ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు. ఫోన్లో మనం ఏం మాట్లాడతాం చెప్పు? నేను తిన్నావా అంటా, నువ్వు ఊ అంటావు. నువ్వు తిన్నావా అంటావు, నేను ఊ అంటా. తర్వాత బావ తీసుకుని, ఏరా సరిగా వినపడట్లేదు అంటాడు, పెట్టేస్తాడు. అదే ఉత్తరమైతే నాలుగు పేజీలు తిడతావు. పన్నెండు రోజులు పడితే పట్టనీ, నాకు ఆ నాలుగు పేజీలే కావాలి.

గది సర్దడం మొదలుపెట్టా. ఎనిమిదేళ్ళకి ఎంత సామాను పోగవ్వాలి? మంచం ఇంటివాళ్ళది, బల్ల ఇంటివాళ్ళది. నాదంటే ఒక కెటిలు, రెండు దుప్పట్లు, నేనే వెల్డింగ్ చేసుకున్న ఇనప కుర్చీ. మొన్న ఆదివారం చొక్కాలన్నీ కిటికీ ముందు పట్టుకుని చూశా. ఒక్కటీ నిప్పురవ్వలు పడి కాలిన చిల్లుల్లేకుండా లేదు. వెలుతురు పడితే జల్లెడే. పడేద్దామని మూట కట్టి, మళ్ళీ విప్పా. ఎందుకు విప్పానో నాకే తెలీదు.

రోజూ నడిచే దారి కూడా ఈమధ్య కొత్తగా కనపడుతోంది. బస్సు దిగితే తాళాలు బాగుచేసే ముసలాయన కొట్టు, తర్వాత బట్టలుతికే మిషన్ల గది, ఆ మలుపు తిరగ్గానే మా షెడ్డు. ఎనిమిదేళ్ళూ తల దించుకుని గబగబా పోయేవాణ్ణి. ఇప్పుడు ముసలాయన చెయ్యూపితే నిలబడి నేనూ ఊపుతున్నా.

నేను వెళ్ళిపోతున్నానని ఆఫీసామె షెడ్డులో చెప్పేసింది. నా దగ్గర వెల్డింగ్ నేర్చుకునేవాళ్ళు ఇప్పుడు పదకొండుమంది ఉన్నారు. అందరూ రాడ్లు కింద పడేసి, ఏడ్చినట్టుంది, ఏడ్చినట్టుంది అని ఒకటే గోల. నాకు నవ్వాగలేదు.

మేడ మీద గది ఖాళీ చేసి ఉంచు. ఎవరికీ చెప్పకు. ముఖ్యంగా ఎదురింటి పెద్దమ్మకి.

ఇట్లు, చిల్లుల చొక్కా వేసుకున్న
నీ తమ్ముడు


మార్చి 16

ఒరేయ్,

బాగున్నావా అని అడగను. బాగానే ఉండుంటావు, తెగ్గొట్టుకుని వస్తున్నావుగా.

మళ్ళీనా? సైకిలు షాపులో నాలుగు నెలలు. ప్రింటింగ్ ప్రెస్సులో రెండు నెలలు, ఎవరిదో శుభలేఖ సగం అచ్చేసి వచ్చేశావు. లారీ క్లీనరుగా ఒక్క ట్రిప్పు, లారీ తిరిగొచ్చింది గానీ నువ్వు రాలేదు. షామియానాలవాడి దగ్గర చేరి, జనమంతా వచ్చి కూర్చున్నాక ఒక పక్క తాళ్ళు కట్టకుండా పోయావు. ఆ గుడ్డ ఎవరి నెత్తిన పడిందో వాళ్ళు ఇప్పటికీ మా షాపుకి రారు.

ఈ వెల్డింగ్ నేర్పే పనొక్కటే నీకు అచ్చొచ్చిందనుకున్నా. ఎనిమిదేళ్ళు! ఎదురింటి పెద్దమ్మ వచ్చి, "మీ తమ్ముడు సారంట కదా, ఏం చదివాడే?" అని సాగదీసి అడిగితే, "చదువు కాదు పెద్దమ్మా, చెయ్యి తిరిగింది" అని చెప్పా. ఇప్పుడేం చెప్పను? కాలు తిరిగింది అని చెప్పనా?

అదలా ఉంచు. నువ్వు వెళ్ళిపోతున్నావని పదకొండుమంది పిల్లలు ఏడుస్తుంటే నీకు నవ్వొచ్చిందా? నవ్వాగలేదని మళ్ళీ నాకే రాస్తావా? నిన్ను చంకలో వేసుకుని తిప్పిన నాకే సిగ్గేసింది.

మేడ మీద గది ఖాళీ లేదు. కుట్టు నేర్చుకోడానికి ఆరుగురు ఆడపిల్లలు వస్తున్నారు, నాలుగు మిషన్లు పైనే వేశాను. నువ్వొస్తావని నాకేం కలొచ్చిందా?

ఒక్క పనైనా చివరిదాకా చెయ్యి. చెయ్యలేనంటే రాకు.

కోపంతో,
అక్క

(నేను ఏమీ అనలేదురా. మీ అక్క రాస్తుంటే పక్కన కూర్చున్నానంతే. - బావ)


మార్చి 28

అక్కా,

నాలుగు పేజీలు అడిగితే రెండే రాశావు. మిగతా రెండూ ఆ ఒక్క మాటలోనే పెట్టావు. రాకు అన్నావు. సరే.

షామియానా విషయంలో మాత్రం నాది తప్పు కాదు. తాడు చాల్లేదు, తేడానికే వెళ్ళా. దారిలో లారీవాడు కనిపించాడు, ఎక్కేశా.

ఏడుపు సంగతి నువ్వు వేరేగా అనుకున్నావు. వాళ్ళు ఏడవలేదు. ఆ కథ నీకెప్పుడో చెప్పాననుకున్నా, చెప్పలేదన్నమాట. చెప్తా విను.

నేనిక్కడికి గేట్లు అతకడానికి వచ్చా కదా. రెండో ఏడు, పక్క షెడ్డులో నేర్పే పెద్దాయనకి చెయ్యి వణకడం మొదలైంది. నా చేత్తో పట్టి చూపించమన్నారు. చూపించడానికైతే చూపించా, చెప్పడానికి భాష ఏది? అప్పటికి నాకు వాళ్ళ మాటలు నీళ్ళు, రొట్టె, బస్సు, అంతే. ఒకడు అతుకు పెట్టి, సుత్తితో దానిమీద గట్టిపడ్డ నల్లపెంకు రాల్చి, ఎలా ఉందని నా మొహంలోకి చూశాడు. వంకర టింకరగా గుడ్డలు కుక్కినట్టుంది. నా నోట్లోంచి అనుకోకుండా వచ్చేసింది, ఏడ్చినట్టుంది అని. ఎక్కణ్ణించి వచ్చిందో తెలుసా? నీ దగ్గర్నించే. నువ్వు మిషను తొక్కుతూ ఉండేదానివి, నేను నీ కాళ్ళ దగ్గర కూర్చుని దిద్దేవాణ్ణి. పలక పైకెత్తి చూపిస్తే, ఏడ్చినట్టుంది, మళ్ళీ రాయి, అనేదానివి. మళ్ళీ రాసేవాణ్ణి.

ఆ మాట వీళ్ళు వెల్డింగ్ పనిలో వాడే అసలు మాటనుకున్నారు! పాడైన అతుకుని అన్ని దేశాల్లో అలాగే అంటారేమో అనుకుని నేర్చేసుకున్నారు. ఒకళ్ళ పని ఒకళ్ళు చూసుకుని, ఏడ్చినట్టుంది అనుకుంటారు. ముక్కలు రెండూ కదలకుండా ముందు అక్కడక్కడా అంటిస్తాం కదా, దానికి కచ్చా కుట్టు అంటారు. అదీ నీదే. ఆఫీసామె ఇవన్నీ అట్ట మీద వాళ్ళ అక్షరాల్లో రాసి గోడకి తగిలించింది. పైన పెద్దగా ఏం రాసిందో తెలుసా? తమ్ముడు సార్ మాటలు. నువ్వోసారి ఫోన్లో తమ్ముడూ అని అరిస్తే షెడ్డంతా విన్నారులే, నా పేరే అదనుకున్నారు. అప్పట్నించీ ఇక్కడ నేను తమ్ముడు సార్‌ని. కాదని చెప్పబుద్ధి కాలేదు.

బాగా కుదిరిన అతుక్కి మాత్రం ఆ అట్ట మీద మాట లేదు. ఎందుకంటే నేనేం అనను. ఊ అంటా. నువ్వూ అంతేగా. నాలుగుసార్లు రాస్తే అయిదోసారికి తల తిప్పకుండా ఊ అనేదానివి. ఆ ఊ కోసం నేను పలక అరిగిపోయేలా దిద్దేవాణ్ణి. వీళ్ళూ అంతే. నేను ఊ అంటే ఆ పూటంతా ఈల వేసుకుంటూ తిరుగుతారు.

నేను వెళ్తున్నానంటే ఏడ్చినట్టుంది అని అరిచింది అందుకు. ఆ పని బాలేదని వాళ్ళ ఉద్దేశం.

నువ్వెలాగూ రాకన్నావు కాబట్టి వేరే దారి చూసుకుంటున్నా. నాతో గేట్లు చేసినవాడొకడు ఇప్పుడు ఓడలు బాగుచేసే చోట ఉన్నాడు, రమ్మంటున్నాడు. మేడ మీద నీ ఆరుగురూ హాయిగా కుట్టుకోనీ.

తమ్ముడు సార్


ఏప్రిల్ 9

తమ్ముడు సారుగారికి,

నీ ఉత్తరం షాపులో చదివి పెద్దగా నవ్వేశా. బ్లౌజు కొలతలివ్వడానికొచ్చినావిడ నన్ను చూసి రెండడుగులు వెనక్కి వేసింది. నవ్వి నవ్వి, తర్వాత లోపలికెళ్ళి మొహం కడుక్కొచ్చా.

నా నోటిదురుసు సముద్రాలు దాటి గోడెక్కిందా! ఒరేయ్, ఆ మాటకి అర్థం మాత్రం వాళ్ళకి చెప్పకు, నీకు పుణ్యముంటుంది. ఇంకా ఏమేం నేర్పావు? మీద చెయ్యి పడుద్ది అనేది కూడా ఉందా ఆ అట్ట మీద?

రాకు అంటే రాకు అనేనా? నాతో ఇన్నేళ్ళు బతికి ఆ మాత్రం తెలీదా? అన్నం మానేస్తానని నువ్వు అలిగితే, మానెయ్ అనేదాన్ని. మానేసేవాడివా? ఆ ఓడల మాట ఇంకోసారి ఎత్తకు. అక్కడైతే మూడో నెలకే నీళ్ళు చూసి విసుగొచ్చిందంటావు.

బావకి వేరే అనుమానం. ఎవరో పిల్ల ఉండుంటుంది, గొడవైందేమో, అందుకే వచ్చేస్తున్నాడు అంటున్నాడు. ఉంటే చెప్పు. నేనేం అనను. ముందు కొంచెం అంటాను, తర్వాత ఏం అనను.

నువ్వు వచ్చేటప్పుడు ఒక్కటి తీసుకురా. ఇన్నేళ్ళు నువ్వక్కడ సారుగా చేశావని కాగితం ఇస్తారుగా, ముద్రలు వేసి. దాన్ని ఫ్రేము కట్టిద్దాం. మిషను ఎదురుగా గోడకి పాత మేకొకటి ఉంది, అక్కడ పెడతా. పెద్దమ్మ గుమ్మంలోకి రాగానే కనపడాలి. నేను నోరు విప్పనక్కర్లేదు.

మిషను కాలొకటి ఊగుతోంది. తొక్కితే ఇల్లంతా కదులుతోంది. వెల్డింగ్ షాపువాణ్ణి పిలుస్తానంటాడు బావ. వద్దన్నా.

నోటిదురుసు అక్క


ఏప్రిల్ 21

అక్కా,

పిల్లా లేదు, గిల్లా లేదు. బావకి చెప్పు.

కాలు నిలవక వస్తున్నానన్నాను చూడు, అది అబద్ధం. ఈసారి కాలు నిలిచింది. వీళ్ళే నిలబడనివ్వలేదు.

ఇక్కడ కొత్త రూలు పెట్టారు. నేర్పేవాడికి బడి పూర్తిచేసిన సర్టిఫికెట్ ఉండాలంట. ఆఫీసామె చాలా మంచిది, నా తరఫున మూడుసార్లు పైవాళ్ళకి రాసింది. చివరికి కుర్చీ వేసి కూర్చోబెట్టి మెల్లగా చెప్పింది. కావాలంటే ఉండొచ్చంట, రాడ్లు అందించే పనిలో. కొత్త సారు వస్తాడు, ఆయన నేర్పుతాడు, నేను అందివ్వాలి. ఇప్పుడున్న పదకొండుమందినీ పూర్తిచేసి పోతానని చెప్పా. తొమ్మిదో క్లాసులో దూకిన బడిగోడ ఇన్నేళ్ళకి నడుచుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడింది.

కొత్త సారు వచ్చాడు. నావాళ్ళ ముందు ఒక అతుకు వేసి చూపించాడు. కొత్త చోటు, కొత్త మిషను, చెయ్యి తడబడింది. వెనకనించి ఎవరో మెల్లగా, ఏడ్చినట్టుంది అన్నారు. అందరూ నవ్వారు. పోయిన నెలైతే నేనూ నవ్వేవాణ్ణేమో. పాపం ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆయన పక్కన నిలబడి, ఈ మిషను మొదట్లో కొంచెం మొండికేస్తుంది, కరెంటు తగ్గించి పట్టు అని చూపించా. మధ్యాహ్నం ఆయన పుస్తకం తెచ్చి, ఆ మాటకి అర్థమేంటని అడిగాడు. మళ్ళీ చేస్తే కుదురుతుందని అర్థం అన్నా. రాసుకున్నాడు.

కాబట్టి ఆ మేకుకి తగిలించడానికి నా దగ్గర ఏం లేదక్కా. పెద్దమ్మ ఏం చదివాడని అడిగింది కరెక్టే.

ఒక్కటి అడగాలని ఎప్పట్నించో ఉంది. బడి మానేసినరోజు సంచి పట్టుకుని నీ దగ్గరకొచ్చా. నువ్వు మిషను తొక్కుతున్నావు. అక్కా, నాకింక రాదు, మానేస్తా అన్నా. నువ్వు తల తిప్పకుండా ఊ అన్నావు. ఒక్క తిట్టు తిడితే మర్నాడు పోదామనుకునే వచ్చా. నువ్వు ఊ అనేసరికి, వీడింతేలే అని వదిలేశావనుకున్నా. అందుకే ఆ తర్వాత ఎక్కడా నిలవలేదో ఏమో, నాకు తెలీదు. ఇప్పుడు ఖాళీ చేతుల్తో వచ్చి మళ్ళీ నీ ముందు నిలబడాలంటే కాళ్ళు రావట్లేదు.

ఓడలవాళ్ళు కాగితాలేం అడగరంట. టికెట్ మార్చుకోడానికి జూన్ పదిహేను దాకా టైముంది. నీ ఉత్తరం వచ్చేదాకా మార్చను.

తమ్ముడు


మే 3

నాన్నా,

నీ ఉత్తరం రోజంతా దిండు కింద పెట్టుకున్నా.

ఆరోజు నువ్వేం అడిగావో నాకు వినపడలేదురా.

పొద్దున్నించీ మిషను మీదే ఉన్నా. సాయంత్రానికి అయిదు జాకెట్లివ్వాలి. నువ్వొచ్చి ఏదో అన్నావు, మిషను చప్పుడులో మాట కలిసిపోయింది. ఆడుకోడానికి పోతానన్నావేమో అనుకుని ఊఁ అన్నా. మర్నాడు బడి టైముకి నువ్వు గుమ్మంలో కూర్చునుంటే, ఏరా వెళ్ళవా అన్నా. నువ్వు వింతగా చూసి లేచి పోయావు. పట్టుకుని లాక్కెళ్ళాలి కదా నేను? అప్పటికే నీకు నా భుజమంత ఎత్తొచ్చింది. మొండికేశాడు, రెండ్రోజుల్లో వాడే దిగొస్తాడనుకున్నా. ఆ రెండ్రోజులూ ఇన్నేళ్ళయ్యాయి.

నువ్వు సైకిలు షాపు మానేసినా, ప్రెస్సు మానేసినా, వీడెందుకిలా తిరుగుతాడని తిట్టేదాన్ని. తల తిప్పి ఒక్కసారి నీ మొహం చూసుంటే సరిపోయేది. ఇదంతా నామీద వేసుకుని ఏడుస్తున్నాననుకోకు. ఏడవట్లేదు. కోపంగా ఉంది. నామీద సగం, నీమీద సగం. మళ్ళీ గట్టిగా ఎందుకు అడగలేదురా? చెవి దగ్గరకొచ్చి అరవొచ్చుగా!

కాగితం లేకపోతే పోయింది. అది వాళ్ళకి కావాలి, నాకెందుకు? చిన్నప్పుడు నీ పలకకి ముద్రలున్నాయా? నువ్వు చేసిన పని ఏదైనా ఒకటి నాకు చూపించు. ఈసారి మిషను ఆపి చూస్తా. చూసి చెప్తా.

అక్క

(ఓడల మాట వద్దురా. గేటు కూడా ఊగుతోంది. - బావ)


మే 16

అక్కా,

వినపడలేదా! ఆ మాట పది సార్లు చదివా. షెడ్డు వెనక మెట్ల మీద కూర్చుని చదువుతుంటే కొత్త సారు వచ్చి ఏమైందన్నాడు. ఏం లేదు, చాలా ఏళ్ళ కిందటి చప్పుడొకటి ఇప్పుడు ఆగింది అన్నా. ఆయన భాషలో సరిగ్గా చెప్పానో లేదో.

నిన్నటితో నావాళ్ళ పని పూర్తయింది. పదకొండుమందీ పరీక్షలో నెగ్గారు. ఒక్కడు కూడా మధ్యలో పోలేదు. నేనూ పోలేదు. ఇది పెద్దమ్మకి చెప్పు.

నా దగ్గర పొడుగోడని ఒకడున్నాడు. వంగి వంగి పనిచేస్తాడు, వాడికోసమే బల్లకి కాళ్ళు పొడిగించా. మొదటి నెలంతా వాడి అతుకులు ఏడ్చినట్టుండేవి. పోయినవారం వచ్చి, తమ్ముడు సార్, మంచి అతుక్కి మీరనే మాట మీ అక్షరాల్లో ఎలా రాస్తారు అన్నాడు. సుద్ద తీసి నేల మీద రాసిచ్చా. ఎందుకో అడగలేదు.

నిన్న సాయంత్రం గుడ్డలో చుట్టి ఒక ఇనప రేకు నా చేతిలో పెట్టారు. రెండు చేతుల్తో ఎత్తాలి, అంత బరువు. విప్పితే దానిమీద అతుకుతోనే పోసిన పెద్ద అక్షరం, ఊ. పదకొండుమందీ తలా కొంచెం వేశారంట. గీత తిన్నగా పోడం ఎవరైనా చేస్తారక్కా, గుండ్రం తిప్పడమే కష్టం. చెయ్యి ఆగిందా, కరిగి గుంట పడుద్ది. తొందరపడితే సన్నబడుద్ది. నేను మోకాళ్ళ మీద కూర్చుని, వేలు పెట్టి మొదట్నించీ చివరిదాకా తడిమి చూశా. ఒకళ్ళది ఎక్కడ ఆగి ఇంకొకళ్ళది ఎక్కడ మొదలైందో దొరకలేదు. నీ కుట్టులా ఉంది. ముసుగులు నెత్తి మీదకి ఎత్తుకుని అందరూ నా నోటికేసి చూస్తున్నారు. బోలెడు చెప్దామనుకున్నా. ఇప్పుడు వాళ్ళ భాష నాకు బాగానే వచ్చు కూడా. నోట్లోంచి ఊ అని మాత్రమే వచ్చింది. పొడుగోడు ఎగిరి గంతేశాడు.

పనేదైనా చూపించమన్నావు కదా. రేకు పోస్టులో రాదు. చిన్నప్పుడు రూపాయి బిళ్ళ మీద కాగితం పెట్టి పెన్సిల్ రుద్దితే బొమ్మ దిగేది, గుర్తుందా? అలా రుద్ది పంపుతున్నా. పని నాది కాదు, వాళ్ళది. చూపించడానికి ఇంతకంటే నా దగ్గర ఏం లేదు.

రేకు పెట్టెలో పెడితే బట్టలకి చోటు లేదు.

ఈసారి చెవి దగ్గరకొచ్చి అరుస్తున్నా, విను. రానా?

తమ్ముడు


మే 29

తమ్ముడూ,

నీ కాగితం వచ్చింది. మిషను ఆపాను. పైనున్న ఆరుగురి చేతా ఆపించాను. ఎన్నేళ్ళకో ఇంట్లో గడియారం చప్పుడు వినపడింది.

కళ్ళజోడు పెట్టుకుని, గుమ్మంలో వెలుతురుకి పట్టుకుని చూశా. మొదలు దగ్గర చెయ్యి కొంచెం భయపడింది. తర్వాత ఎక్కడా భయపడలేదు. మెలిక తిరిగేచోట నేనైతే దారం తెంపి మళ్ళీ మొదలుపెట్టేదాన్ని. వాళ్ళు తెంపలేదు. ఆడపిల్లలకి కూడా చూపించి, కుట్టంటే ఇలా పడాలి అన్నా. ఎవరు కుట్టారక్కా అన్నారు. మా తమ్ముడు నేర్పితే కుట్టారు అన్నా. పెద్దమ్మ అప్పుడే వచ్చింది. ఇదేంటే, ఏదో ఉంగరాలు తిరిగింది అంది. సర్టిఫికెట్టు పెద్దమ్మా అన్నా. అటూ ఇటూ తిప్పి చూసి, ముద్ర బాగా పడింది అంది.

ఒక్క తప్పుంది. వాళ్ళది కాదు, నీది. ఊఁ అని రాస్తే పక్కన అరసున్నా పెట్టాలి. పలక మీద ఎన్నిసార్లు దిద్దించాను? పంపిన ఉత్తరాల్లో ఒక్కదాంట్లోనూ పెట్టలేదు, ఇనుం మీద కూడా పెట్టించలేదు. పాపం పదకొండుమందీ తప్పు నేర్చుకున్నారు.

కాబట్టి రేకు వదిలేసి రాకు. చిల్లుల చొక్కాలు వదిలేసి రా. మేడ మీద సగం గది ఖాళీ చేశా, రెండు మిషన్లు కిందికి దింపాం. రాగానే ముందు ఆ అరసున్నా పెట్టు. తర్వాత మిషను కాలు. తర్వాత గేటు, లేకపోతే బావ నా ప్రాణం తీస్తాడు. ఈ ఆరుగురిలో ఇద్దరు కుట్టొద్దు, ఆ నిప్పుల పని నేర్చుకుంటామంటున్నారు. అది నువ్వొచ్చాక చూద్దాం. రేకు బరువుకి పాత మేకు ఆగదని బావ కొత్తది కొట్టాడు, వేలు కూడా కొట్టుకున్నాడు.

ఇక నువ్వడిగినదానికి. ఈసారి వినపడింది. తల తిప్పే చెప్తున్నా.

ఊఁ.

అక్క